పాల చీటీ, జీతం చీటీ

పాల సంఘం సభ్యులకు చీటీ విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. పొద్దున్న సంఘానికి పాలు పోసి, చీటీ చేతికి రాకుండా ఇంటికి తిరిగి వెళ్లే రైతు అరుదు. ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, రేటు ఎంత, ఏ పూట పాలు అన్న అయిదు సంగతులూ అందులో ఉంటాయి. వెన్న శాతం నిన్నటి కంటే రెండు పాయింట్లు తగ్గితే అక్కడికక్కడే అడిగే సభ్యులను మేము చాలామందిని చూశాము. బిల్లు వచ్చిన నాడు దాణా బాపతు ఎంత పట్టుకున్నారు, గేదె అప్పు కిస్తీ ఎంత పోయింది, వాటాధనం కింద ఎంత జమ చేశారు అని చీటీలన్నీ ముందు వేసుకొని లెక్క చూసేవారూ ఉన్నారు.

ఈ మధ్య ఒక సంఘం సర్వసభ్య సమావేశానికి మేము తనిఖీ అధికారిగా హాజరైనప్పుడు ఒక సభ్యురాలు లేచి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. "పాల లెక్క మాకు తెలుసు సారూ. మా పిల్లగాడు పట్నంల ఉస్మాన్‌గంజ్ కొట్ల పని చేస్తడు. నెలకొక కాయితం ఇస్తరట. దాన్ల ఏముంటదో వానికీ తెల్వది, నాకూ తెల్వది. చింపి పారేస్తుండు. అది దాచాల్నా, వద్దా?" అన్నది. సమావేశంలో కొందరు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఎందుచేతనంటే అంతకు కొద్దికాలం ముందే ఆ ఉస్మాన్‌గంజ్‌కే సంబంధించిన ఒక కాగితాల కట్టను మేము మా చేతులతో విప్పి చూసి ఉన్నాము.

హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్టు నుంచి అఫ్జల్‌గంజ్ వైపు నడిచేవారికి ఉస్మాన్‌గంజ్ తెలియకుండా ఉండదు. పప్పులు, కిరాణా సరుకులు టోకున అమ్మే కొట్లు, వాటి ముందు బస్తాల వరుసలు, తోపుడు బండ్లు, నెత్తిన గుడ్డ చుట్టుకున్న హమాలీలు. చుట్టుపక్కల జిల్లాల పాల పల్లెల నుంచి వెళ్లి అక్కడ గుమాస్తాలుగా, తూకం వేసేవారుగా, బస్తాలు మోసేవారుగా బ్రతుకుతున్నవారు ఎందరో. ఇంటి దగ్గర గేదెలను భార్యో తల్లో చూసుకుంటుంది. పాల డబ్బూ, జీతం డబ్బూ కలిస్తేనే ఆ ఇల్లు గడుస్తుంది. అందుచేత జీతం చీటీ సంగతి పాల సంఘం పత్రికలో ఎందుకని ఎవరూ అనుకోరాదు.

మేము చూసిన కట్ట ఒక గుమాస్తాది. ఆయన 2005 నుంచి 2010 వరకు ఉస్మాన్‌గంజ్‌లోనే ఒక పెద్ద కొట్టులో పని చేశారు. తర్వాత రెండేళ్లు ఊరికి వచ్చి వ్యవసాయం చూసుకొని, 2012లో అదే వీధిలో వేరొక కొట్టులో చేరి 2020 వరకు ఉన్నారు. కొట్ల పేర్లు ఇక్కడ అనవసరం. మొదటి కొట్టు 2011లోనే మూతపడింది. ఆయనకు 58 ఏళ్లు నిండిన తర్వాత భవిష్యనిధి పింఛనుకు దరఖాస్తు పెడితే, లెక్కలో ఎనిమిదేళ్ల సేవే కనబడుతున్నదని జవాబు వచ్చింది. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం ప్రకారం నెల నెలా పింఛను రావాలంటే పదేళ్ల సేవ ఉండాలి. అంతకు తగ్గితే ఒక్కసారిగా కొంత సొమ్ము ఇచ్చి లెక్క ముగిస్తారు. ముందు అయిదేళ్లూ ఏమైనట్లు? అప్పటికి ఇప్పుడున్న యు.ఎ.ఎన్. అనే పన్నెండు అంకెల నంబరు లేదు. అది 2014లో వచ్చింది. పాత ఖాతా పాత నంబరు మీద ఎక్కడో పడి ఉన్నది. ఆ నంబరు ఆయనకు గుర్తు లేదు. చెప్పవలసిన కొట్టు లేదు.

ఆయన భార్య మన సంఘం సభ్యురాలు. "పిల్లలు పారేయమన్నరు సారూ. నాకు చదువు రాదు. పాల చీటీలు దాచినట్టే దాచిన," అంటూ ట్రంకుపెట్టెలో నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి మా ముందు పెట్టింది. పాల చీటీల కట్టలు ఒక పక్క, దారంతో కుట్టిన జీతం చీటీలు ఒక పక్క. కొన్ని చెదలు తిన్నాయి. కొన్నింటి మీద నూనె మరకలు. అయినా 2007వ సంవత్సరపు చీటీ ఒకదాని మీద, పేరు కింద, రాష్ట్రం గుర్తు, ఆఫీసు గుర్తు, కొట్టు కోడు, చివర సభ్యుని నంబరుతో పూర్తి భవిష్యనిధి నంబరు స్పష్టంగా ఉన్నది. ఆ ఒక్క వరుస చాలింది. ఆ నంబరు పట్టుకొని పాత ఖాతాను వెదికి, ఫారం 13 ద్వారా కొత్త ఖాతాలో కలిపించారు. అయిదూ ఎనిమిదీ కలిసి పదమూడేళ్లయ్యాయి. పనికి కొన్ని నెలలు పట్టింది, బర్కత్‌పురాలోని భవిష్యనిధి కార్యాలయానికి చాలాసార్లు తిరగవలసి వచ్చింది. కాని పింఛను వచ్చింది.

పింఛను లెక్క ఎలా ఉంటుందో కూడా చెప్పడం మంచిది. సగటు వేతనాన్ని సేవా సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. సగటు తీసేది చివరి 60 నెలల వేతనానికి. పింఛను లెక్కకు వేతనం పరిమితి 2014 సెప్టెంబరు నుంచి 15,000 రూపాయలు. ఉదాహరణకు సగటు వేతనం 14,000, సేవ 13 ఏళ్లు అనుకుంటే నెలకు 2,600 రూపాయలు వస్తుంది. పట్నంవారికి ఇది చిన్న మొత్తమే కావచ్చు. గేదె వట్టిపోయిన నెలల్లో ఊళ్లో ఒక ముసలి దంపతులకు అది ఎంతో మా సభ్యులకు తెలుసు.

ఇక చీటీలో ఏముంటుందో చూద్దాము.

జీతం చీటీకి ఎడమ పక్క రావలసినవి, కుడి పక్క కోతలు ఉంటాయి. కొన్ని చీటీలలో పైనా కిందా వేస్తారు. ముందుగా పేరు, తండ్రి పేరు, చేరిన తేదీ, యు.ఎ.ఎన్., ఇ.ఎస్.ఐ. నంబరు, ఏ నెల జీతం, ఎన్ని రోజులు పని చేశారు అన్నవి చూసుకోవాలి. చాలామంది నేరుగా కింది అంకెకు పోతారు. పేరులో ఒక్క అక్షరం ఆధారు కార్డుకు తేడాగా ఉన్నా పదేళ్ల తర్వాత దాన్ని దిద్దించుకొనేసరికి తాతలు దిగివస్తారు. చేరిన తేదీ తప్పయితే గ్రాట్యుటీ లెక్క మారిపోతుంది. పని దినాలలో ఒక రోజు తక్కువ పడితే అది ఆ నెలలోనే అడగాలి.

ఒక గుమాస్తా చీటీ ఇలా ఉన్నదనుకొందాము. మూల వేతనం 10,000. కరవు భత్యం 4,000. మొత్తం 14,000. కోతలు: భవిష్యనిధి 1,680, ఇ.ఎస్.ఐ. 105, పండుగ అడ్వాన్సు 5,000లో నాలుగవ కిస్తీ 500. మొత్తం కోతలు 2,285. చేతికి వచ్చేది 11,715.

కరవు భత్యం అంటే ధరలు పెరిగిన కొద్దీ పెరిగేది. కనీస వేతనాల కింద మన రాష్ట్రంలో ఏప్రిల్ ఒకటిన, అక్టోబరు ఒకటిన ఇది మారుతుంది. చీటీలు దాచినవారు మార్చి చీటీనీ ఏప్రిల్ చీటీనీ పక్కపక్కన పెట్టి చూస్తే పెరిగినదీ లేనిదీ వెంటనే తెలుస్తుంది. ఒక్క చీటీ చూస్తే తెలియదు.

భవిష్యనిధి కోత మూల వేతనం, కరవు భత్యం కలిపిన దానిలో నూటికి 12. 14,000లో 12 శాతం 1,680. అంతే మొత్తాన్ని యజమాని తన జేబులో నుంచి వేయాలి. యజమాని వేసిన 1,680లో నుంచి వేతనంలో 8.33 శాతం, అంటే 1,166 రూపాయలు, పింఛను ఖాతాకు పోతుంది. మిగిలిన 514 ఉద్యోగి భవిష్యనిధిలోకే వస్తుంది. కాబట్టి నెలకు 2,194 రూపాయలు నిధిలోనూ, 1,166 పింఛనులోనూ పడుతూ ఉండాలి. "నా 1,680కి 1,680 కలిసి 3,360 పడాలి కదా, 2,194 మాత్రమే కనబడుతున్నదేమి?" అని భయపడి వచ్చినవారు ఉన్నారు. మిగిలినది పింఛను గడిలో ఉంటుంది. ఎవరూ తినలేదు.

ఇ.ఎస్.ఐ. కింద ఉద్యోగి వాటా నూటికి ముప్పావు రూపాయి. యజమాని వాటా మూడుంబావు రూపాయలు. ఈ రేట్లు 2019 జూలై నుంచి ఉన్నాయి. 14,000 మీద ఉద్యోగికి 105, యజమానికి 455. ఈ 105 రూపాయలకు ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి సంగతి వినని కార్మికుడు హైదరాబాదులో లేడు. అయినా చీటీలో కోత పడుతున్నదనీ, దాని మీద తన భార్యకు చికిత్స చేయించుకోవచ్చుననీ తెలియక ప్రైవేటు ఆసుపత్రిలో అప్పు చేసిన ఒక తూకందారును మేము ఎరుగుదుము. చదవని చీటీ ఖరీదు ఆయనకు ఒక గేదె.

వృత్తి పన్ను నెలకు 15,000 వరకు లేదు. 15,000 దాటి 20,000 వరకు 150, ఆ పైన 200. ఇంతే. 12,000 జీతగాడి చీటీలో వృత్తి పన్ను కనబడితే అడగవలసిందే.

ఇంతవరకు సులభమే. అసలు చిక్కు రెండు చోట్ల ఉన్నది.

మొదటిది, కోసుకున్న సొమ్ము కట్టవలసిన చోట కట్టకపోవడం. ఏ నెల కోతను ఆ తర్వాతి నెల 15వ తేదీలోగా భవిష్యనిధికి చేర్చాలి. చీటీలో 1,680 కోత కనబడుతుంది, ఖాతాలో ఏమీ పడదు. ఇలా మూడు నెలలు గడిస్తే ఉద్యోగి వాటా 5,040, యజమాని వాటా 5,040, మొత్తం 10,080 రూపాయలు గాలిలో ఉన్నట్లు. ఉద్యోగి జీతంలో నుంచి కోసి నిధికి కట్టకుండా ఉంచుకోవడం నమ్మకద్రోహం కిందికి వస్తుందని పాత శిక్షాస్మృతీ చెప్పింది, 2024 జూలై ఒకటి నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితా చెబుతున్నది. కాని కోసినారనడానికి రుజువేది? బ్యాంకు పుస్తకంలో పడేది చేతికి వచ్చే 11,715 మాత్రమే. ఆ అంకెను చూసి అది కోతల తర్వాత మిగిలినదో, అసలు జీతమే అంతో చెప్పడం ఎవరి తరమూ కాదు. కోత పడిందని చెప్పేది చీటీ ఒక్కటే. కాబట్టి మూడు నెలలకొకసారైనా చీటీని భవిష్యనిధి పాసుబుక్కుతో సరిచూసుకోవాలి. పాసుబుక్కు ఇప్పుడు సెల్‌ఫోనులోనే కనబడుతుంది. పెద్దవారికి చేతకాకపోతే ఇంట్లో చదువుకొనే పిల్లలు అయిదు నిమిషాలలో చూపిస్తారు. పాల బిల్లును చీటీలతో సరిచూసే అలవాటున్న ఇంటికి ఇది కొత్త విద్య కాదు.

రెండవ చిక్కు ఇంకొంచెం లోతైనది. మొత్తం జీతం మారదు, దాన్ని గడులలో పంచే తీరు మారుతుంది. అదే 14,000ను మూల వేతనం 5,000, రకరకాల భత్యాలు 9,000 అని చూపించారనుకోండి. అప్పుడు భవిష్యనిధి కోత 600 మాత్రమే అవుతుంది. చేతికి వచ్చేది పెరుగుతుంది. ఉద్యోగి సంతోషిస్తాడు. యజమాని వాటా కూడా 600కే తగ్గిందన్నది అతనికి తట్టదు. ఇందులో నష్టం ఇవాళ కనబడదు, మానేసిన నాడు కనబడుతుంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టపు సూత్రం చూడండి: చివరి వేతనాన్ని 15తో హెచ్చవేసి, 26తో భాగించి, సేవా సంవత్సరాలతో హెచ్చవేయాలి. వేతనం 14,000 అయి ఎనిమిదేళ్లు చేస్తే 64,615 రూపాయలు. వేతనం 5,000 అని ఉంటే 23,077. మనిషీ ఆ మనిషే, పనీ ఆ పనే. తేడా నలభై వేల పైచిలుకు. నీళ్లు కలిపిన పాలకు లీటరు కొలత నిండుగానే ఉంటుంది, వెన్న దగ్గరకు వచ్చేసరికి బయటపడుతుంది కదా. ఇదీ అటువంటిదే.

ఈ పద్ధతి మీద సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న ఒక తీర్పు ఇచ్చింది. అందరికీ ఒకే తీరున ఇచ్చే భత్యాలను భవిష్యనిధి లెక్కలో నుంచి తప్పించడానికి వీలులేదన్నది దాని సారాంశం. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులో వేతనం అనే మాటకే నిర్వచనం మార్చారు. లెక్కలోకి రాని భత్యాలు మొత్తం పారితోషికంలో సగానికి మించితే, మించినంత మేరకు వేతనంలోకే చేర్చాలి. పై ఉదాహరణలో భత్యాలు 9,000. సగం 7,000. మించిన 2,000ను మూల వేతనం 5,000కు కలిపితే వేతనం 7,000 అవుతుంది. ఇది తమ విషయంలో జరిగిందో లేదో తెలుసుకోవాలంటే గడులు విడివిడిగా ఉన్న చీటీ చేతిలో ఉండాలి.

చీటీ ఇవ్వడం యజమాని దయ అనుకునేవారు ఇంకా ఉన్నారు. అది ఏనాడో పోయింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం కింద 1950లో వచ్చిన కేంద్ర నియమాలలోనే, జీతం పంచడానికి కనీసం ఒక రోజు ముందు వేతన చీటీ ఇవ్వాలని ఉన్నది. ముందుగా ఇస్తే తప్పు ఉంటే జీతం నాటికి దిద్దుకోవచ్చునని కాబోలు. మాకు ఆ నియమం చాలా నచ్చింది. ఇప్పుడు వేతనాల కోడు 50వ సెక్షను ప్రకారం ప్రతి యజమానీ ఉద్యోగులకు వేతన చీటీలు ఇవ్వాలి. నెల జీతం తర్వాతి నెల ఏడవ తేదీ దాటకుండా ఇవ్వాలి. మానేసినా, తీసివేసినా రెండు పని దినాలలో లెక్క చెల్లించాలి. కోతలన్నీ కలిపి వేతనంలో సగానికి మించరాదు. జరిమానాలు నూటికి మూడు మించరాదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో, సహకార సంఘాల బాకీ కోతలలో ఉన్నప్పుడు మాత్రం 75 శాతం వరకు అనుమతి ఉండేది. సహకార శాఖవారిగా మాకు అది కొంత గర్వంగానూ, అప్పు తీసుకున్నవాడి ఇంటి సంగతి తలచుకొంటే కొంత ఇబ్బందిగానూ ఉండేదని ఒప్పుకోవాలి.

ఎన్నాళ్లు దాచాలి అన్నది అందరూ అడిగేదే. తక్కువ జీతం ఇచ్చారనో, అక్రమంగా కోశారనో దావా వేయడానికి కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలలు, వేతన చెల్లింపు చట్టం కింద పన్నెండు నెలలు మాత్రమే గడువుండేది. కొత్త కోడులో అది మూడేళ్లయింది. పైగా, జీతం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో ఉద్యోగి దావా వేస్తే, ఇచ్చామని రుజువు చేయవలసిన భారం యజమానిదేనని 59వ సెక్షను చెబుతున్నది. ఇది మంచి మార్పు. అయితే తాను అక్కడ పని చేసినట్లు చూపించుకోవలసిన అవసరం ఉద్యోగికి ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి మూడేళ్లకు తగ్గకుండా అన్ని చీటీలూ ఉంచాలి. భవిష్యనిధి, పింఛను, గ్రాట్యుటీ లెక్కలు పూర్తిగా తేలేవరకు మాత్రం ప్రతి సంవత్సరానికి కొన్ని చీటీలైనా, ముఖ్యంగా చేరిన నెలది, జీతం పెరిగిన నెలది, మానేసిన నెలది, ఎట్టి పరిస్థితిలోనూ పారేయరాదు. 2007 చీటీ పదిహేనేళ్ల తర్వాత పనికి వచ్చిన సంగతి పైన చెప్పాము.

ఇంకొక సందర్భం చెప్పడానికి మనసు రాదు గాని చెప్పక తప్పదు. రోడ్డు ప్రమాదంలో కుటుంబ పెద్ద పోతే నష్టపరిహారాన్ని కోర్టు అతని ఆదాయాన్ని బట్టి లెక్క కడుతుంది. చీటీలుంటే ఉన్న జీతం మీద లెక్క. లేకపోతే ఇంత ఉండవచ్చునని ఒక ఊహ మీద లెక్క. ఆ ఊహ సాధారణంగా తక్కువగానే ఉంటుంది. తెల్లవారుజామున సరుకు లారీల మధ్య పని చేసే మనుషులకు ఇది దూరపు మాట కాదు.

హమాలీల సంగతి వేరు. ముఠాగా కలిసి బస్తాకింత అని తీసుకొని సాయంత్రం పంచుకొనేవారికి నెల చీటీ ఎక్కడిది? వారికి మేము చెప్పగలిగినది, ముఠా మేస్త్రీ దగ్గర ఒక పుస్తకం ఉంచి, తేదీ, కొట్టు, బస్తాల సంఖ్య, వచ్చిన కూలి, ఎవరి వాటా ఎంత అన్నది రాయించి, వారానికొకసారైనా కొట్టు గుమాస్తా చేత సంతకం పెట్టించుకోవాలని. సంతకం పెట్టరని కొందరన్నారు. నిజమే, చాలామంది పెట్టరు. అయినా రోజువారీగా ఒకే చేతిరాతతో సాగిన పుస్తకానికి, తర్వాత గుర్తు తెచ్చుకొని చెప్పిన మాటకు ఉండని బరువు ఉంటుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. ఇతరుల కొట్లను గురించి ఇంత చెప్పి మన సంఘాలను వదలిపెడితే న్యాయం కాదు.

తనిఖీకి వెళ్లినప్పుడు మేము తరచు చూసేది ఇది: సభ్యులకు ఇచ్చే పాల చీటీల పుస్తకాలు నంబర్లతో సహా సక్రమంగా ఉంటాయి. అదే సంఘంలో పాలు పరీక్షించే అబ్బాయికి, క్యాన్లు కడిగే మనిషికి, కార్యదర్శికి ఇచ్చే జీతానికి ఒక వోచరు ఉంటుంది, దాని మీద రెవెన్యూ స్టాంపు, సంతకమో వేలిముద్రో ఉంటుంది. ఆ వోచరు సంఘం ఫైలులో ఉంటుంది. పని చేసినవాని చేతికి ఏ కాగితమూ పోదు. వోచరు సంఘానికి రుజువు. అతనికి రుజువు ఏది? ఒక సంఘంలో పరీక్షకుడుగా పన్నెండేళ్లు చేసిన వ్యక్తి బ్యాంకు అప్పుకు వెళితే మూడు నెలల జీతం చీటీలు తెమ్మన్నారు. ఆయన సంఘానికి వచ్చి అడిగితే, "ఇక్కడ అటువంటి అలవాటు లేదు" అన్నారట. పన్నెండేళ్లు సభ్యులందరికీ తన చేతితో చీటీలు రాసి ఇచ్చిన మనిషి ఆయన.

సంఘం చిన్నది, ముగ్గురే పనివాళ్లు, భవిష్యనిధి మాకు వర్తించదు కదా అని కొందరు కార్యదర్శులు అంటారు. భవిష్యనిధికి 1952 చట్టం ఇరవైమంది ఉద్యోగులున్న సంస్థలనే లెక్కలోకి తీసుకున్నది. విద్యుచ్ఛక్తి వాడకుండా యాభైమందికి తక్కువ ఉద్యోగులతో నడిచే సహకార సంఘాలకు వేరుగా మినహాయింపు కూడా ఇచ్చింది. బల్క్ కూలరు పెట్టుకున్న సంఘాలు విద్యుచ్ఛక్తి వాడడం లేదనడానికి లేదన్నది గమనించాలి. కాని అది భవిష్యనిధి మాట. వేతన చీటీకి ఈ సంఖ్యలతో పని లేదు. వ్యవసాయానికి, ఇంటిపనికి అయిదుగురి లోపు మనుషులను పెట్టుకున్న యజమానులకు మాత్రమే కోడులో చీటీ ఇవ్వనక్కరలేదన్న వెసులుబాటు ఉన్నది. అడిగినప్పుడు జీతం ఇచ్చినట్లు తగిన రుజువు వారూ చూపాలి. కాబట్టి గేదెల దగ్గర జీతానికి మనిషిని పెట్టుకున్న సభ్యులు కూడా ఒక నోటు పుస్తకంలో రాసి సంతకం తీసుకోవడం మంచిది. ఆ మనిషికి ఒక ప్రతి ఇస్తే ఇంకా మంచిది.

మా అనుభవం ఒకటి చెప్పి ఈ భాగం ముగిస్తాము. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము పండుగ అడ్వాన్సు తీసుకున్నాము. పది కిస్తీలు. పదకొండవ నెల కూడా కోత పడింది. ఆఫీసులో అడిగితే, ఇంకా ఒకటి ఉన్నదన్నారు. మేము డిప్లొమా చదువుకున్నవారము, అప్పటికే ఇతరుల లెక్కలు తనిఖీ చేస్తున్నవారము, మా చీటీలు మాత్రం మా దగ్గర లేవు. రెండు నెలలు ఆ మాట మీద మాట నడిచింది. చివరకు మా ఇంట్లో బియ్యం డబ్బా కింద పరచిన కాగితాలలో "10/10" అని ఉన్న చీటీ దొరికింది. పరచినది మా అమ్మగారు. ఆ చీటీ చూపించిన నాడే సొమ్ము వాపసు వచ్చింది. అప్పటి నుంచి మేము చీటీలను బియ్యం డబ్బా కింద కాక పైన పెట్టుకుంటున్నాము.

దాచే పద్ధతి గురించి రెండు మాటలు. కొన్ని యంత్రాల నుంచి వచ్చే నున్నటి కాగితం మీద అచ్చు ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది. పాల చీటీలకూ ఈ తెగులు ఉన్నది. అటువంటివాటికి వెంటనే ఒక జెరాక్సు తీయించాలి, లేదా సెల్‌ఫోనులో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. సెల్‌ఫోనుకే చీటీ పంపే కొట్లలో పని చేసేవారు ఏడాదికొకసారి అచ్చు వేయించుకోవడం మేలు, ఫోను పోతే చీటీలూ పోతాయి. చీటీ మీద తప్పు కనబడితే నోటితో చెప్పి ఊరుకోక, తేదీ వేసి ఒక చిన్న అర్జీ రాసి ఇచ్చి, రెండవ ప్రతి మీద అందినట్లు సంతకం తీసుకోవాలి. అక్కడ తేలకపోతే కార్మిక శాఖ ఉన్నది. హైదరాబాదులో వారి కార్యాలయం ఆర్.టి.సి. చౌరస్తా దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవనంలో ఉన్నది. చీటీలు తీసుకొని వెళితే పని మొదలవుతుంది. ఉట్టి చేతులతో వెళితే ముందు అవే అడుగుతారు.

సమావేశంలో ప్రశ్న వేసిన సభ్యురాలికి మేము అక్కడ క్లుప్తంగానే జవాబు చెప్పగలిగాము. సంఘం పాలకవర్గం ఆ రోజే ఒక తీర్మానం చేసి, తమ ముగ్గురు ఉద్యోగులకు వచ్చే నెల నుంచి చీటీలు ఇవ్వడానికి వంద చీటీల పుస్తకం ఒకటి అచ్చు వేయించడానికి ఒప్పుకున్నది. గడులు ఏవేవి ఉండాలన్నదాని మీద కొంత వాదన జరిగింది. "పేరు, నెల, పని దినాలు, మూల వేతనం, కరవు భత్యం, ఇతర భత్యాలు, కోతలు ఒక్కొక్కటి విడిగా, అడ్వాన్సు ఎన్నవ కిస్తీ, నికరం, కార్యదర్శి సంతకం" అని చివరకు తేలింది. మిగతా సంఘాలు కూడా ఈ నమూనానే వాడుకోవచ్చు. ఆ సభ్యురాలి కుమారుడు ఆ తర్వాతి ఆదివారం ఊరికి వచ్చినప్పుడు ఆ నెల చీటీని మడతపెట్టి తెచ్చి తల్లికి ఇచ్చాడట. పాత చీటీలు ఒక్కటీ లేవు. కొట్టులో అడిగితే గడచిన ఆరు నెలలవి మళ్లీ తీసి ఇస్తామన్నారని చెప్పాడు.